ఆపరేషన్ రెండో రూటర్

సరిగ్గా తొమ్మిది గంటల పన్నెండు నిమిషాలకి కళ్ళజోళ్ళ దుకాణంలోకి ఏజెంట్ పదకొండు అడుగుపెట్టాడు.

కౌంటర్ వెనక తెల్లకోటు మనిషి తలెత్తలేదు. అద్దాలు తుడుస్తూనే అడిగాడు.

"దగ్గర చూపా? దూరం చూపా?"

"రెండూ బాగానే ఉన్నాయి. పక్క చూపే సరిగ్గా లేదు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"పదకొండేళ్ళ నుంచి."

తెల్లకోటు తల ఊపాడు. లోపలి గదిలో కంటి పరీక్షల చార్టు వేలాడుతోంది. పదకొండు అన్నిటికన్నా కింది వరసలో, అందరూ తప్పు చదివే చివరి అక్షరం మీద వేలు నొక్కాడు. గోడ చప్పుడు లేకుండా పక్కకి జరిగింది.

లోపల చీఫ్ ఉన్నాడు. కాఫీ చల్లారిపోయింది. అంటే రాత్రంతా ఇంటికి వెళ్ళలేదన్నమాట.

"కూర్చో. టైం లేదు." చీఫ్ తెర మీద బొమ్మ వేశాడు. "ఊరికి ఎగువన రిజర్వాయరు. పన్నెండు గేట్లు. నీళ్ళు అంచు దాకా ఉన్నాయి. గేట్లన్నీ ఒక్కసారి తెరిస్తే?"

"దిగువన మూడు కాలనీలు, ఒక మార్కెట్."

"ఒక ఆస్పత్రి కూడా. నలభై నిమిషాల్లో అంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఆ గేట్లు తెరిచే అధికారం ఒక్క ఇంజినీరుకే ఉంది. ఆవిడకి కాలు విరిగింది. ఆరు వారాలుగా డ్యూటీ ఇంటి నుంచే. రోజూ సాయంత్రం నాలుగింటికి ఆవిడ కంప్యూటర్ నుంచి గేట్లకి లైన్ తెరుచుకుంటుంది. మూడు నిమిషాలు. చెక్ చేసి మూసేస్తుంది."

"ఆ మూడు నిమిషాలు ఎవరికి కావాలి?"

"సరిహద్దు అవతలి ముఠాకి. నెల క్రితం ఆవిడ అత్తగారికి లక్కీ డ్రాలో బహుమతి తగిలింది. మాట్లాడే స్పీకరు. పేపర్ చదివి పెడుతుంది, పాటలు వేస్తుంది, కబుర్లు చెబుతుంది. ఆ డ్రాలో పాల్గొన్నది మొత్తం ఆవిడ ఒక్కర్తే."

పదకొండుకి నవ్వు రాలేదు. "స్పీకరూ ఇంజినీరు కంప్యూటరూ ఒకే రూటర్ మీద ఉన్నాయి."

"అదీ సంగతి. ఇవాళ నాలుగింటికి ముహూర్తం పెట్టారని నిన్న పట్టుకున్న మెసేజ్‌లో తేలింది."

"స్పీకరు తీసి పారేస్తే పోలేదా సార్?"

"అది మూగబోయిన మరుక్షణం వాళ్ళు ఇంకో దారి వెతుక్కుంటారు. ఆ దారి మనకి తెలీదు. ఇది తెలుసు. వాళ్ళు ప్రయత్నించాలి, బోల్తా పడాలి. ఎక్కణ్ణుంచి ప్రయత్నించారో మనకి తెలియాలి. మిగతాది కోయిల చెబుతుంది."

కిటికీ దగ్గర నిలబడ్డ ఆవిడ ఇటు తిరిగింది. మెరూన్ కోటు, మెడకి పట్టు స్కార్ఫు, నవ్వితే ఒక బుగ్గ మీదే పడే సొట్ట. పదేళ్ళు ఆ ముఠాలోనే పనిచేసి, నాలుగేళ్ళ క్రితం ఇటు వచ్చిన మనిషి. వస్తూ వస్తూ ఏడుగురిని పట్టించింది. డిపార్ట్‌మెంట్‌లో సగం మందికి ఆవిడంటే అనుమానం. మిగతా సగానికి మోజు. పదకొండు ఆ రెండు జట్లలోనూ లేడు. అతనికి ఆవిడ గొంతు చాలు.

"చిన్న పని," అంది కోయిల. "వాళ్ళింట్లో పాత రూటర్ ఉంది. దాని వెనక కొత్తది తగిలించు. స్పీకర్ని కొత్తదాని మీదకి మార్చు. అంటే దానికి వేరు కాపురం పెట్టిస్తున్నాం. ఇంజినీరు కంప్యూటర్‌ని మాత్రం ముట్టుకోకు. పాతదాని మీదే ఉండనీ. దాడి ఎక్కణ్ణుంచి వచ్చిందో నేను ఇక్కడ మేడ మీద కూర్చుని పట్టుకుంటాను."

బఠాణీ గింజంత ఇయర్‌పీస్ అతని అరచేతిలో పెట్టింది. వేళ్ళు ఒక్క క్షణం ఎక్కువ ఆగాయి.

"పొద్దున్న ఏమైనా తిన్నావా?"

"తింటాను."

ప్రతి పనికి ముందూ ఆవిడ అడిగేది అదే. ప్రపంచంలో ఆ ప్రశ్న అతన్ని అడిగే మనిషి ఇంకొకరు లేరు. పదకొండేళ్ళలో అతను పద్నాలుగు ఇళ్ళు మారాడు. ఏ ఇంటి తలుపు మీదా తన పేరు లేదు. పని ముగిసి గదికి వెళ్ళాక కూడా కాసేపు ఇయర్‌పీస్ తియ్యకుండా ఉంచుకునేవాడు. అటు నుంచి ఆవిడ కాగితాలు సర్దుకునే చప్పుడు వినబడేది. అది విని పడుకుంటే నిద్ర పట్టేది.

* * *

నీలం రంగు యూనిఫారం. జేబు మీద లోకంలో ఎక్కడా లేని కంపెనీ పేరు. భుజాన సంచీ. పదకొండున్నరకి మూడో అంతస్తులో కాలింగ్ బెల్ నొక్కాడు.

తలుపు తీసినావిడకి డెబ్బై దాటి ఉంటాయి. కళ్ళజోడు నుదుటి మీద ఉంది. దాని కోసమే వెతుక్కుంటున్నట్టుంది.

"ఎవరు బాబూ?"

"ఇంటర్నెట్ వాళ్ళమండీ. స్పీడు పెంచడానికొచ్చాను."

"ఎవరడిగారు పెంచమని? మా కోడలు అసలే కాలు విరగ్గొట్టుకుని కూర్చుంది. ఇంకా స్పీడెందుకూ?" అంటూనే దారి ఇచ్చింది. "చెప్పులు అక్కడ విడువు నాయనా. చిలకమ్మా, చూడు ఎవరొచ్చారో!"

"నమస్కారం," అంది అలమర మీద ఉన్న తెల్లటి స్పీకరు. "ఎవరొచ్చారు?"

గొంతు ఎంత తియ్యగా ఉందో! ఎక్కడో ఒక గదిలో ఎవరో చెవి ఒగ్గి వింటున్నారు.

"నా స్నేహితురాలు," అంది అత్తగారు కాస్త గర్వంగా. "మా అబ్బాయి ఓడలో ఇంజినీరు, ఏడాదికి రెండుసార్లు వస్తాడు. కోడలికి పొద్దస్తమానం మీటింగులు. ఇది ఒక్కతే నేను ఏం చెప్పినా ఊఁ కొడుతుంది."

హాల్లో ఒక మూల పాత రూటర్. పక్క గదిలో, కాలికి కట్టుతో, రెండు దిండ్ల మీద మడమ ఆనించి కోడలు కంప్యూటర్ ముందు ఉంది. పదకొండు తలుపు దగ్గరగా వేసి, గుర్తింపు కార్డు, ఒక చీటీ ఆవిడ ముందు పెట్టాడు.

*నోటితో ఏమీ అనకండి. హాల్లో ఉన్న స్పీకరు వింటోంది. మీ గేట్ల కోసం.*

ఆవిడ రెండుసార్లు చదివింది. కార్డుని వెలుతురుకి ఎత్తి చూసింది. పెన్ను తీసుకుంది.

*ఎన్నాళ్ళుగా?*

*నెల.*

ఇంజినీరు కళ్ళు మూసుకుంది. తర్వాత రాసిన అక్షరాలు కాస్త వంకరపోయాయి. *నెల రోజులుగా మా అత్తయ్య దానితో చెప్పని సంగతి లేదు.*

పదకొండు పని మొదలుపెట్టాడు. పాత రూటర్ నుంచి కేబుల్ లాగి కొత్తదాని ఇంటర్నెట్ పోర్టులో గుచ్చాడు. ఫ్యాక్టరీలో రెండిటికీ ఒకే నంబరు పెడతారు. ఒకే వీధిలో రెండిళ్ళకి ఒకే డోర్ నంబరు ఉంటే ఉత్తరం ఏ ఇంటికీ చేరదు. అందుకని కొత్తదాని నంబర్లో ఒకటిని రెండు చేశాడు. కొత్త వైఫైకి పేరు పెట్టి, అత్తగారి ఫోన్ అడిగి తీసుకుని, స్పీకర్ని దాని మీదకి మార్చాడు.

"కనెక్షన్ బాగుంది," అంది చిలకమ్మ.

"శభాష్," అంది చెవిలో కోయిల. "నాలుగు దాకా అక్కడే ఉండి చూసుకో. మధ్యాహ్నమైంది. ఏమైనా తిన్నావా?"

జవాబు చెప్పే అవసరం లేకుండానే అత్తగారు కంచం పెట్టేసింది. వద్దంటే వినలేదు. చిన్న బల్ల చుట్టూ మూడు కంచాలు. ఇంజినీరు కర్రల సాయంతో వచ్చి కూర్చుంది. ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. కొసరి వడ్డించే చెయ్యి ఎదురుగా ఉంటే వద్దు అనడం ఎలాగో అతనికి మరుపొచ్చింది. రెండోసారి కూడా పెట్టించుకున్నాడు.

* * *

మూడూ ఇరవై.

ఇంజినీరు అతన్ని సైగ చేసి పిలిచింది. నోటుబుక్కులో ఆవిడ గొట్టాలు గీసింది. ఒక పెద్ద తొట్టి, దాన్నుంచి ఇంకో చిన్న తొట్టి. ఇరవై ఏళ్ళుగా నీళ్ళు ఎటు పారతాయో చూసిన మనిషికి ఏది చూసినా అలాగే కనిపిస్తుంది కాబోలు. కింద ప్రశ్న రాసింది.

*కొత్త రూటర్ మీద ఉన్న స్పీకరు ఇంటర్నెట్‌లోకి వెళ్ళాలంటే ఎటు నుంచి వెళ్ళాలి?*

*పాత రూటర్ గుండా.*

*పాత రూటర్ దగ్గర ఎవరున్నారు?*

పదకొండు ఆ బొమ్మలోని పెద్ద తొట్టి వైపు మళ్ళీ చూశాడు.

ఆవిడ తన కంప్యూటర్ మీద వేలుపెట్టి చూపించింది.

అతను తన ఫోన్‌ని కొత్త వైఫైకి కలిపి, ఆవిడ కంప్యూటర్ నంబరు కొట్టి పింగ్ చేశాడు. తలుపు తట్టి 'ఉన్నారా' అని అడగడం లాంటిదది. నాలుగుసార్లు తట్టాడు. నాలుగుసార్లూ 'ఉన్నాను' అని జవాబొచ్చింది. ఫోన్‌ని పాత వైఫైకి మార్చి, ఇటు నుంచి స్పీకర్ని తట్టాడు. జవాబు లేదు. గోడ.

అంతా తిరగబడింది. స్పీకరు కూర్చున్న చోటి నుంచి కంప్యూటర్‌కి రాచబాట. పైగా ఇప్పుడు దాన్ని అటు నుంచి ఎవరూ చూడలేరు. వెలివేశామనుకుంటూ దానికి మరుగు కట్టి ఇచ్చాడు.

నాలుగేళ్ళ క్రితం, ఇద్దరూ కలిసి చేసిన మొదటి పనిలో, ఇదే చెవిలో ఇదే గొంతు అతనికి పాఠం చెప్పింది. "గుర్తుంచుకో. లోపలి రూటర్ మీదున్నవాడు బయటికి చూడగలడు. బయటివాడు లోపలికి చూడలేడు. దాచుకోవలసినదాన్నే లోపల పెట్టు."

ఆ పాఠం చెప్పిన మనిషి ఇవాళ పొరపాటు పడదు.

పదకొండు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. డిపార్ట్‌మెంట్‌లో అనుమానపడ్డ సగం మందీ గుర్తొచ్చారు. వాళ్ళ మీద కోపం కూడా వచ్చింది, వాళ్ళు చెప్పిందే నిజమైనందుకు.

ఒక్క అవకాశం ఇద్దామనిపించింది. గొంతు సవరించుకున్నాడు.

"కోయిలా, ఒకసారి మళ్ళీ చెప్పు. ఇంజినీరు కంప్యూటర్ ఏ రూటర్ మీద ఉండాలి?"

చెవిలో కాగితాల చప్పుడు ఆగింది.

"పాతదాని మీద. ఏం, నన్ను నమ్మవా?"

"నిన్ను కాక ఇంకెవర్ని నమ్ముతాను?" అన్నాడు. ఆ మాట అబద్ధం కాదు. అదే అన్నిటికన్నా బాధగా ఉంది.

* * *

మూడూ ముప్పై ఎనిమిది.

డిపార్ట్‌మెంట్ లైన్లన్నీ మేడ మీద కోయిల చేతిలో ఉన్నాయి. ఇంజినీరు తన ఫోన్ నుంచి కళ్ళజోళ్ళ దుకాణం నంబరుకి మామూలు మెసేజ్ పంపింది. పదకొండు చెప్పిన మాటలే. *మేడ మీదున్నావిడ మన మనిషి కాదు. నాలుగు కొట్టేదాకా ఆగండి. కొట్టగానే వెళ్ళండి.*

ఇప్పుడు రూటర్లు తారుమారు చెయ్యాలి. కానీ పట్టపగలు స్పీకరు లైను ఊరికే తెగితే అటు అనుమానం వస్తుంది. తెగడానికో కారణం కావాలి.

ఇంజినీరు అత్తగారిని లోపలికి పిలిచి నోటుబుక్కు ఇచ్చింది. పెద్దావిడ కళ్ళజోడు కిందికి దించుకుని చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. మొహంలో రంగు మెల్లగా దిగిపోయింది. ఏదో అనబోయి, హాలు వైపు చూసి పెదవులు బిగించింది. కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుంది. నెల రోజుల్లో ఆ చిలకమ్మకి ఏమేం చెప్పిందో ఆవిడ మనసులో లెక్కపెట్టుకుంటోందని పదకొండుకి అర్థమైంది. చనిపోయిన భర్త సంగతులూ, కోడలి మీద చాడీలూ అన్నీ అందులో ఉంటాయి.

ఆవిడ నోటుబుక్కు మూసింది. చీర కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. హాల్లోకి నడిచి మెయిన్ స్విచ్ కిందికి లాగేసింది.

ఫ్యాను ఆగింది. చిలకమ్మ ఆగింది. రూటర్ దీపాలన్నీ ఆరిపోయాయి.

"పోయిందిరా బాబూ కరెంటు!" అని ఆవిడ పక్కింటికి వినబడేలా అరిచింది. స్పీకరు చచ్చిపోయినా, పదకొండు చెవిలో ఉన్న గింజకి ఆ అరుపు అందింది. "పట్టపగలు తీసేస్తారేమిటి! ఈ కరెంటు వాళ్ళకి అడిగేవాడు లేడు!"

"ఏమైంది?" అంది కోయిల.

"కరెంటు పోయింది. ఐదు నిమిషాల్లో వస్తుందంటున్నారు."

పదకొండు నేల మీద బోర్లా పడుకున్నాడు. ఇంజినీరు కంప్యూటర్ కేబుల్ పాత రూటర్ నుంచి పీకి కొత్తదాంట్లో గుచ్చాడు. తన లాప్‌టాప్‌ని పాత రూటర్‌కి తగిలించి, ఇంజినీరు కంప్యూటర్ పేరూ నంబరూ దానికి పెట్టాడు. ఉత్తుత్తి కంప్యూటర్ సిద్ధం. ఏ ఆజ్ఞ ఇచ్చినా చిత్తం అంటుంది, ఏమీ చెయ్యదు. కరెంటు రాగానే కొత్త రూటర్ వైఫై ఆపేస్తే స్పీకరు తనకి అలవాటైన పాతదాన్నే పట్టుకుంటుంది.

మూడూ యాభై. పెద్దావిడ స్విచ్ పైకి వేసింది. కొత్త రూటర్ లేవగానే దాని వైఫై ఆపేశాడు.

"మళ్ళీ వచ్చాను," అంది చిలకమ్మ.

ఆవిడ స్పీకరు వైపు చూసింది. గొంతు వణక్కుండా అంది. "వచ్చావా తల్లీ. ఒక పాట వెయ్యి."

ఎంత గూఢచారికైనా చేతకాని పని అది.

పక్క గదిలోంచి ఇంజినీరు చెయ్యి ఊపుతోంది. ఆవిడ తెర మీద లైను లేదు. కొత్త రూటర్ దీపం నారింజ రంగులో కొట్టుకుంటోంది. పదకొండు సెట్టింగులు తెరిచి తల పట్టుకున్నాడు. పొద్దున్న నంబరు మార్చాడు గానీ సేవ్ నొక్కలేదు. కరెంటు పోగానే అది ఫ్యాక్టరీ నంబరుకే తిరిగిపోయింది. మళ్ళీ రెండిళ్ళకీ ఒకే డోర్ నంబరు.

మూడూ యాభై ఏడు. ఒకటి తీసేసి రెండు కొట్టాడు. ఈసారి సేవ్. రూటర్ రీస్టార్ట్ అవుతోంది. తెర మీద గుండ్రంగా ఏదో తిరుగుతోంది.

"కరెంటు వచ్చిందిగా," అంది చెవిలో కోయిల. "అంతా సరిగ్గా ఉందా?"

"నువ్వు చెప్పినట్టే ఉంది."

మూడూ యాభై తొమ్మిది. దీపం నారింజ. నారింజ. ఇంజినీరు వేళ్ళు కీబోర్డు మీద గాల్లో ఆగి ఉన్నాయి.

ఆకుపచ్చ.

నాలుగు కొట్టింది.

హాల్లో పాట నడుమ చిలకమ్మ గొంతు ఒక్కసారి తడబడింది. పదకొండు లాప్‌టాప్ తెర మీద వరస ఒకటి వచ్చి పడింది. *అన్ని గేట్లూ తెరువు.* ఉత్తుత్తి కంప్యూటర్ వినయంగా జవాబిచ్చింది. *తెరుచుకుంటున్నాయి.* పాత రూటర్ లెక్కల్లో, స్పీకరు ఎవరితో మాట్లాడుతోందో ఆ అంకెలు మెరిశాయి. పదకొండుకి అవి కంఠతా వచ్చు. కళ్ళజోళ్ళ దుకాణం, మేడ మీది గది.

ఇంజినీరు నోటుబుక్కు ఎత్తి చూపించింది. *పన్నెండు గేట్లూ మూసే ఉన్నాయి. లైను మూసేశాను.* రాసేటప్పుడు పెన్ను ఎంత నొక్కిందో, కాగితం చిరిగింది.

చెవిలో కోయిల నిట్టూర్చింది. పని అయిపోయిన మనిషి నిట్టూర్పు.

"వింటున్నావా?" అంది. "ఆ బిల్డింగు దిగకు. నువ్వున్నది మూడో అంతస్తు. నీళ్ళు అంత ఎత్తు రావు. నువ్వు అక్కడ ఉండేలా నేనే చూసుకున్నాను."

అతను తెర మీది అంకెలు ఇంకోసారి చూశాడు.

"నీళ్ళు రావు కోయిలా. అసలే రావు."

దూరంగా ఎక్కడో తలుపు బద్దలైన చప్పుడు. బూట్లు. కుర్చీ పడిపోయింది. చీఫ్ గొంతు ఏదో అరిచింది. ఆ రొద మధ్యలో కోయిల చాలా మెల్లగా అడిగింది.

"ఎప్పుడు తెలిసింది?"

"నువ్వు నేర్పిన పాఠం నువ్వే తప్పు చెప్పినప్పుడు."

ఆవిడ నవ్వినట్టుంది. ఆ సొట్ట పడి ఉంటుంది. తర్వాత టక్కుమని ఒక శబ్దం, ఆ తర్వాత ఏమీ లేదు. గాలి కూడా లేదు.

పదకొండు ఇయర్‌పీస్ తీసి జేబులో వేసుకున్నాడు. పాట ఇంకా నడుస్తూనే ఉంది. అత్తగారు వెళ్ళి స్పీకరు ప్లగ్గు పీకి, దాన్ని ఒక పాత తువ్వాలులో చుట్టి, అతని చేతుల్లో పెట్టింది.

"తీసుకుపో నాయనా. ఇంట్లో ఇంత చప్పుడు లేకపోతే ఎలాగో నాకూ అలవాటు కావాలిగా."

"అలవాటు కాదమ్మా," అన్నాడతను. అంత నిజం అతను ఎవరితోనూ చెప్పి చాలా ఏళ్ళయింది.

* * *

ఆ వారం అతను కొత్త గదికి మారాడు. మంచం, బల్ల, ఎవరిదో పాత గడియారం. సాయంత్రాలు కిటికీ దగ్గర కూర్చునేవాడు. ఎదుటి మేడ మీద ఎవరో బట్టలు ఆరేసేవాళ్ళు, తీసేసేవాళ్ళు. వంట చెయ్యబుద్ధి కాలేదు. ఒకటి రెండుసార్లు చెయ్యి చెవి దాకా వెళ్ళింది.

ఎనిమిదో రోజున చీఫ్ పిలిపించాడు.

"ముఠాలో మొత్తం తొమ్మిది మంది దొరికారు. కోయిల నోరు విప్పలేదు, విప్పదు కూడా. పతకం మాత్రం అడక్కు. జరగని పనికి పతకం ఇవ్వరు."

"అడగలేదు సార్."

"ఇంకోటి." చీఫ్ గొంతు సవరించుకున్నాడు. "నీ వేషం కోసం మనవాళ్ళు ఇంటర్నెట్ కంపెనీకి ఒక వెబ్‌సైట్ కూడా తయారుచేశారు. కస్టమర్లు మార్కులు వేసే పేజీతో సహా. దాన్ని తీసెయ్యడం మర్చిపోయారు. నిన్న ఒక రివ్యూ వచ్చింది."

కాగితం ఇటు తోశాడు. పదకొండు చదివాడు.

*మనిషి నెమ్మదస్తుడు. పని శ్రద్ధగా చేశాడు. రెండు రూటర్లూ బాగానే పనిచేస్తున్నాయి. ఐదుకి నాలుగు చుక్కలు. ఒకటి ఎందుకు తగ్గించానంటే, వెళ్ళేటప్పుడు మళ్ళీ వస్తానన్నాడు. రాలేదు.*

పదకొండు కాగితం మడిచాడు. మళ్ళీ విప్పి చదివాడు.

"మర్యాదకి అన్నాను సార్."

"అదేం కుదరదు." చీఫ్ ఫైలు మూసి, మొహంలో నవ్వు కనబడకుండా కళ్ళజోడు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. "ఇవాళే వెళ్ళి ఆ ఒక్క చుక్కా తెచ్చుకో. ఉన్నా లేకపోయినా, మన కంపెనీకో పరువుంది."